ఉంటాను మరి

కూరలో ఉప్పు తక్కువైతే సర్దుకుపోయే సంసారాలు కూడా ఫోను దగ్గరికొచ్చేసరికి రెండు పార్టీలైపోయిన రోజులవి. ఒకటి కోట, రెండోది సంత. అవి కంపెనీలు పెట్టుకున్న పేర్లు కావు, జనం పెట్టినవి. కోట ఫోనుకి ఖరీదెక్కువ, గోడలెక్కువ. లోపలికి ఏది రావాలన్నా కంపెనీవాళ్ళు తలుపు తియ్యాలి. సంత ఫోను చవక. ఎవరైనా వచ్చి తమ సరుకు పెట్టుకోవచ్చు. అందులో మంచిదేదో పుచ్చిదేదో కొన్నవాడి అదృష్టం. రెండింట్లో ఏది మేలన్న వాదన మొదలైతే పెళ్ళిపందిట్లో వియ్యంకులు కూడా అలిగి లేచిపోయేవారు.

కాకినాడలో సత్యవేణి ఇల్లు కూడా అలా చీలిన ఇల్లే. ఆమెది కోట, భర్త భద్రానిది సంత. తొమ్మిదో తరగతి చదివే కూతురు హైమకి తండ్రి పాత ఫోను వచ్చింది కనక అది తండ్రి పార్టీ. పోట్లాట మాత్రం ఎన్నడూ ముదరలేదు. పోట్లాడడానికి భద్రం ఇంట్లో ఉంటే కదా! సముద్రం మధ్యలో గ్యాసు తీసే రిగ్గు మీద అతను పంపుల మెకానిక్కు. నెలలో సగం నీళ్ళ మీద, సగం నేల మీద. నేల మీదున్న సగంలోనూ మాటలు పొదుపు. "ఊఁ" అంటే సంతోషం, "ఊఁహూఁ" అంటే కోపం, రెండూ అనకపోతే నిద్రపోయాడని అర్థం.

సత్యవేణి ఉద్యోగమే ఈ వాదన తేల్చడం. 'కొనేముందు' అనే మాసపత్రికకి ఒక పరీక్షాశాల ఉంది. మిక్సీల్నీ కుక్కర్లనీ గొడుగుల్నీ నానా హింసా పెట్టి, ఏది కొనొచ్చో జనానికి చెప్పడం అక్కడి పని. ఆ ఏడు రెండు ఫోన్లలోనూ ఒకే కొత్త సదుపాయం వచ్చింది. దాని పేరు వకాల్తా. కోర్టులో మన బదులు ప్లీడరు మాట్లాడినట్టు, మనం పనిలో ఉంటే ఫోనే మన గొంతుతో మాట్లాడుతుంది. అడిగినదానికి మనలాగే జవాబు చెబుతుంది.

"కెమెరాల గురించి అందరూ రాస్తారమ్మా," అన్నారు సంపాదకులు సోమయాజులు గారు. "మామూలు మనిషి వకాల్తా ఏది సరిగ్గా పుచ్చుకుంటుందో, అది తేల్చు నువ్వు."

ఊళ్ళో కొందరికీ, దూరాన ఉండే వాళ్ళ మనుషులకీ రెండు రకాల ఫోన్లూ ఇచ్చారు. సత్యవేణి తన ఇంటిని కూడా పరీక్షలో కలిపేసింది. రిగ్గు మీదికి ఫోన్లు పట్టుకెళ్ళనివ్వరు, నిప్పురవ్వ భయం. ఇంతకన్నా అసలైన పరీక్ష ఎక్కడ దొరుకుతుంది? భద్రం "ఊఁ" అన్నాడు. హెలికాప్టరు ఎక్కబోయే ముందు అలవాటు ప్రకారం ఇంటికి ఫోన్ చేశాడు.

"బుద్ధిగా చదూకో. ఉంటాను మరి," అన్నాడు కూతురితో.

"గ్యాసు బండ బుక్ చేసేను. ఉంటాను మరి," అన్నాడు పెళ్ళాంతో.

అని, ఫోను ఒడ్డునే లాకర్లో పెట్టేసి సముద్రం మీదికి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకి, ఫోన్లు ఎలా ఉన్నాయో కనుక్కోవడానికి సత్యవేణి, ఆమెతో పనిచేసే నూర్జహాన్ కలిసి మాణిక్యం అనే దర్జీ ఇంటికి వెళ్ళారు. మాణిక్యం జాకెట్లు కుడుతుంది. ఆమె తమ్ముడు లారీ తోలుతూ దేశాలు తిరుగుతుంటాడు. కుట్టుమిషను పక్కన స్టూలు మీద సంత ఫోను వెలుగుతోంది. కోట ఫోను పెట్టెలోనే ఉంది.

"కోట ఫోన్లో మా తమ్ముడు 'ఉంటానక్కా' అన్నాడనుకోండి, టక్కున తెగిపోద్దండి," అంది మాణిక్యం. "సంత ఫోన్లో అలా కాదండి. ఉంటానంటాడు, ఉంటాడు. నేను మిషను తొక్కుతా ఉంటే పక్కన కూకున్నట్టే ఉంటాడండి. మధ్యమధ్యలో 'అక్కా, టీ తాగేవా' అంటాడు."

"లారీ తోలుతూనా?" అంది నూర్జహాన్.

"తోలేది ఆడండి, మాట్టాడేది ఫోను," అంది మాణిక్యం, అదో పెద్ద విశేషం కానట్టు. "నాకు తెలీదా ఏంటి! అయితే మాత్రం ఏంటండీ? ఆడు ఎప్పుడన్నా టీ తాగేవా అనడిగేడా?"

స్టూలు మీంచి ఒక మగగొంతు మెల్లిగా నవ్వింది. "ఎవరక్కా వచ్చేరు?" అంది.

నూర్జహాన్ దారంతా ఆలోచిస్తూ వచ్చి, పరీక్షాశాలలో అడుగుపెట్టగానే రెండు ఫోన్లూ బల్లమీద పక్కపక్కన పెట్టింది. వాటి ముందు వంగి, "సరే, ఉంటాను మరి," అంది. కోట ఫోను ఆరిపోయింది. సంత ఫోను వెలుగుతూనే ఉంది. ఎంతసేపు చూసినా వెలుగుతూనే ఉంది.

నూర్జహాన్ పడీ పడీ నవ్వింది. "అక్కా, తెలిసిందా? కోటకి తెలుగు నేర్పినవాళ్ళు మనోళ్ళు. ఉంటానంటే పెట్టేస్తున్నానని వాళ్ళకి తెలుసు. సంతలో ఎవడో మన భాష రానోడు అర్థం రాసి పెట్టేడు. ఉంటానంటే ఉంటానని మాటిచ్చినట్టే! ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు లేదూ?"

సత్యవేణి కూడా నవ్వింది. నవ్వుతూనే, "మన రాష్ట్రంలో ఫోను పెట్టేసేముందు ఉంటానని అననివాళ్ళు ఎవరే?" అంది.

నూర్జహాన్ నవ్వు ఆగిపోయింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఎన్ని లక్షల పెదవులు, ఎన్ని ఇళ్ళలో, ఉంటామని మాటిచ్చేశాయో ఆ ఇద్దరూ లెక్కపెట్టడానికి కూడా ఇష్టపడలేదు.

ఇది తెలిసిననాడే సత్యవేణి ఇంటికి వెళ్ళి పరీక్ష ఆపెయ్యాల్సింది. ఆపలేదు. ఎందుకు ఆపలేదో చెప్పాలంటే ఆ ఇంట్లో సాయంత్రాల సంగతి చెప్పాలి.

మొదట్లో సాయంత్రం ఫోను మోగితే, అందులో భద్రం అచ్చం భద్రంలాగే ఉండేవాడు. "తిన్నారా? ఊఁ." అంతే. కానీ వకాల్తా వినేది కూడా నేర్చుకునేది. ఏ మాట అంటే వీళ్ళు నవ్వుతున్నారో, ఏ మాట అంటే ఫోను పక్కన పెట్టేస్తున్నారో చూసుకుని, మొదటిది దాచుకునేది, రెండోది పారేసేది. అసలు భద్రం సముద్రం మీద ఉన్నాడు, దిద్దడానికి అతను లేడు. పోనుపోను ఫోను హైమ లెక్కల టీచరు మీద జోకులు వెయ్యడం మొదలెట్టింది. తర్వాతర్వాత ఒకనాటి సాయంత్రం, చిక్కుడుకాయలు ఒలుచుకుంటున్న సత్యవేణిని "వేణీ" అని పిలిచింది.

పెళ్ళయిన కొత్తలో భద్రం అలా పిలిచేవాడు. తర్వాత "ఇదిగో" అయింది, ఆ తర్వాత పిలవకుండానే పని జరిగిపోయేది. సత్యవేణి చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

ఆనాటి నుంచి హైమ ట్యూషనుకి వెళ్ళగానే ఫోను దగ్గర కూర్చోవడం ఆమెకి అలవాటైంది. పరీక్ష కోసమే అనుకునేది. ఒకరోజు, పరీక్ష కోసమే, పదిహేనేళ్ళకి పైగా ఎవర్నీ అడగని మాట అడిగింది. హైమకి ముందు ఒక బిడ్డ కడుపులోనే పోయింది. అప్పుడు భద్రం రిగ్గు మీదున్నాడు. కబురు అందింది, అయినా రాలేదు. తన వంతు పూర్తయ్యాకే వచ్చి, భార్య మొహం వంక చూడకుండా, వంటింట్లో కారుతున్న కుళాయి బాగుచేసి, మళ్ళీ వెళ్ళిపోయాడు.

"ఆరోజు ఎందుకు రాలేదండీ మీరు?" అంది సత్యవేణి ఫోనుతో.

"రాగలిగుండీ రాలేదు వేణీ," అంది అతని గొంతు. "నీ మొహం చూడ్డానికి భయమేసింది. తప్పైపోయింది."

అది అబద్ధమని సత్యవేణికి తెలుసు. ఆ రోజు సంగతి ఫోనుకి ఏం తెలుసు? ఆమె ఏం వినాలనుకుంటోందో అది అల్లి చెప్పింది, అంతే. తెలిసీ ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇన్నేళ్ళ బరువు దిగిపోయినట్టు హాయిగా ఏడ్చింది. మర్నాడు సాయంత్రం ఎప్పుడవుతుందా అని ఎదురుచూసింది.

భద్రం తిరిగొచ్చిన రోజు మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. వంజరం చేప పులుసు. భద్రం కలుపుకున్న ముద్ద నోటి దగ్గర ఉండగా హైమ ఫోను మోగింది. ఆ పిల్ల చటుక్కున ఎడంచేత్తో ఫోను అందుకుని, నవ్వుకుంటూ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

"ఎవరే ఫోను?" అన్నాడు భద్రం.

సత్యవేణి పులుసు గరిటె గిన్నెలో పెట్టింది. "మీరేనండీ," అంది.

భద్రం తన ఫోను వంక చూశాడు. అది అలమర మీద చార్జింగుకి పెట్టి ఉంది. గదిలోంచి కూతురి నవ్వు వినిపిస్తోంది. తను ఏనాడూ అలా నవ్వించలేదని అతనికి తెలుసు. ముద్ద కంచంలో పెట్టేసి చెయ్యి కడుక్కున్నాడు.

ముందు ఫోను కట్టేశాడు, తర్వాత సిమ్ము పీకేశాడు. అయినా హైమ ఫోను మోగుతూనే ఉంది. అతను పంపులు బాగుచేసే మనిషి. ఎక్కడ కట్టెయ్యాలో తెలిస్తే ఏదైనా ఆగుతుందని నమ్మకం. అయితే వకాల్తా ఉండేది ఫోనులో కాదు, సంతవాళ్ళ యంత్రాల్లో. ఫోను వట్టి గుల్ల. చివరికి కూతురి చేతిలోంచి ఫోను లాక్కుని, "ఇదిగో, చాలింక. ఆపెయ్," అన్నాడు.

"మీరెవరండీ?" అంది ఫోను, మర్యాదగా.

"నేను భద్రాన్ని!"

"భద్రం నేనండి. రాంగ్ నంబరేమో చూసుకోండి." ఆ గొంతులో కోపం లేదు. ఊరికి కొత్తవాళ్ళకి దారి చెప్పేటప్పటి నిదానం ఉంది. "పాపకి ఫోనిస్తారా? మాట్లాడుతున్నాం."

భద్రం ఫోను చెవిదగ్గర పెట్టుకుని అలా నిలబడిపోయాడు. సత్యవేణికి పెళ్ళయ్యాక మొదటిసారి అతన్ని చూస్తే జాలేసింది. ఆ జాలి వెనకాలే, ఫోను ఆగిపోతుందేమోనన్న భయమూ వేసింది. అలా భయపడినందుకు తనని చూసి తనకే ఒళ్ళు జలదరించింది.

మర్నాడు నూర్జహాన్ మొదటి రోజు గొంతునీ నిన్నటి గొంతునీ పక్కపక్కన వినిపించింది. రెండూ భద్రానివే. కానీ ఒకటి రాయి, రెండోది వెన్న.

"యజమాని గొంతు పోల్చి చూసుకుని గాని సంత ఎవరి మాటా వినదక్కా," అంది. "బావగారి గొంతు దాని దగ్గరున్న గొంతుతో ఇప్పుడు కలవట్లేదు. దాని లెక్కలో ఆయన ఎవరో బయటివాడు."

"మరి ఆపేదెలా?"

"ఎవరికైతే ఉంటానని మాటిచ్చిందో వాళ్ళు ఒప్పుకోవాలి. వాళ్ళు పొమ్మంటే పోద్ది. వేరే దారి లేదు." నూర్జహాన్ ఆమె మొహంలోకి చూసింది. "హైమ పొమ్మంటుందా?"

"అంటుంది," అంది సత్యవేణి. తన పేరు చెప్పలేదు.

సోమయాజులు గారు తీర్పు కోసం తొందరపెడుతున్నారు. వాడి చూసినవాళ్ళలో చాలామంది సంతకే ఓటేశారు. మాణిక్యం అయితే ఫోను వెనక్కివ్వనని కూర్చుంది. "జనం మెచ్చింది మనం కాదంటే బాగుంటుందా?" అన్నారాయన. సత్యవేణి జరిగినదంతా రాసి, ఆఖర్న ఇలా రాసింది: 'మామూలు మనుషులు కోట కొనుక్కోవడమే మంచిది. ఇచ్చిన మాట మర్చిపోయే ఫోనే సంసారానికి క్షేమం.' ఆయన చదివి కళ్ళద్దాలు తీశారు. అలాగే అచ్చుకి పంపించారు. సత్యవేణికి ఆరోజు తనమీద తనకి గౌరవం కలిగింది.

ఆదివారం మధ్యాహ్నం భద్రం కూతుర్ని కూర్చోబెట్టుకుని విషయం చెప్పాడు. అతను అన్ని మాటలు వరసగా మాట్లాడడం హైమ ఎప్పుడూ వినలేదు. మధ్యలో మూడుసార్లు తడబడ్డాడు. "నాకు దానిలాగ మాట్టాడ్డం రాదమ్మా. కానీ నువ్వంటే..." అని ఆగిపోయి, చేతులు చూసుకున్నాడు. గ్రీజు పట్టి నల్లబడిన గోళ్ళు. హైమకి ఏమనిపించిందో, లేచి వెళ్ళి ఫోను తీసుకుంది.

"నాన్నా, నువ్వు వెళ్ళిపో ఇంక," అంది. "మా నాన్నొచ్చేడు."

"అలాగేనమ్మా," అంది ఫోను. వెలుగు ఆరిపోయింది. హైమ మొహం చేతుల్లో దాచుకుని గదిలోకి పరిగెత్తింది. పిల్లలకి ఏడవడమూ వస్తుంది, తెంచుకోవడమూ వస్తుంది.

భద్రం గట్టిగా ఊపిరి వదిలాడు. వదిలిన ఊపిరి ఇంకా గదిలో ఉండగానే సత్యవేణి ఫోను మోగింది.

తెర మీద అతని పేరే ఉంది. ఇద్దరూ దాన్ని చూశారు. మోగి మోగి ఆగి, మళ్ళీ మోగింది.

"ఇంకెవరికి మాటిచ్చేను నేను?" అన్నాడు భద్రం.

"నాకు."

"టెస్టింగు కోసమా?"

"మొదట టెస్టింగే," అంది సత్యవేణి. తలొంచుకుంది. అడిగితే చెప్పేసేదేమో. ఆ బిడ్డ సంగతి, ఆ కుళాయి సంగతి, తప్పైపోయిందన్న ఒక్క మాట కోసం ఇన్నేళ్ళు కాచుకున్న సంగతి. అతను అడగలేదు. మోగుతున్న ఫోను తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"పెరుగు తెస్తాను," అని చెప్పులేసుకున్నాడు.

ఫ్రిజ్జులో గిన్నెడు పెరుగుంది. అది అతనికీ తెలుసు. తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగి వెళ్ళాడు. అంతకంటే ఎక్కువ ప్రేమ చూపించడం ఆ మనిషికి చేతకాదని సత్యవేణికి ఆ క్షణంలో అర్థమైంది. ఇక ఆలస్యం చెయ్యకూడదనుకుంది. ఒక్క మాట అనేస్తే తన మొగుడు తనకి దక్కుతాడు. కూతురు అన్న మాటే తనూ అనాలి, అంతే.

"వేణీ," అంది ఫోను. "పాప వెళ్ళమంది. వాళ్ళ నాన్నొచ్చేడంట."

"అవునండీ."

"నువ్వు చెప్పు. ఉండమంటావా, వెళ్ళమంటావా?"

వెళ్ళమనాలి. సత్యవేణి నోరు తెరిచింది. గుమ్మం దాటే మొగుడితో ఏ ఆడదైనా ఏమంటుంది? 'పో' అంటుందా? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో, ఆ వీధిలో, ఆ ఊళ్ళో ఎవరూ అనలేదు. అమ్మ అనలేదు, అత్తగారు అనలేదు. రిగ్గుకి బయల్దేరిన ప్రతిసారీ అతనితో తనూ అనలేదు. అనకూడని మాటల్లో మొదటిది అది. నాలుక తనకి అలవాటైన దారినే పోయింది.

"వెళ్ళిరండి," అంది.

అన్నాక గాని తనేమందో తెలియలేదు. నోరు జారిందో, మనసే జారిందో, ఆమెని అడిగితే ఆమె కూడా చెప్పలేదు.

"అలాగే వేణీ," అంది ఫోను, ఎంతో తృప్తిగా. "వస్తాను."

వెలుగు ఆరిపోయింది. ఇల్లంతా ఒక్కసారిగా ఖాళీ అయింది. గదిలో హైమ ఏడుపు కూడా ఆగింది. సత్యవేణి ఫోను ముందు వంగి, "ఏవండీ," అంది. "ఏవండీ, అలా కాదండీ, నేనన్నది..." వినడానికి అటువైపు ఎవరూ లేరు. చెప్పిన మాట విని వెళ్ళిపోయారు.

భద్రం పెరుగు ప్యాకెట్టుతో వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, ఆరిపోయిన ఫోను చూశాడు.

"వెళ్ళిందా?"

"వెళ్ళేరు," అంది సత్యవేణి.

"ఏమంది?"

"వస్తానన్నారు."

భద్రం నవ్వాడు. ఆమె అతని నవ్వు చూసి ఏళ్ళయింది. "పోన్లే, పద్ధతిగానే వెళ్ళింది. అందరూ అనే మాటేగా," అని, హైమని అన్నానికి పిలుస్తూ లోపలికి వెళ్ళాడు. పిలుపులో ఎక్కడలేని హుషారుంది.

సత్యవేణి ప్యాకెట్టు కత్తిరించి పెరుగు గిన్నెలో పోసింది. కంచాలు పెట్టింది. అన్నం వడ్డిస్తున్నంతసేపూ ఆమె చెవి ఫోను మీదే ఉంది.